మామిడిచెట్టును బెదిరించిన ఆదివారం

నాకు కోపం ఎక్కువ. చాలాకాలం ఈ మాట గొప్పగా చెప్పుకున్నాను కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. టెక్కలి దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టార్ని. ఇరవై ఏళ్లుగా మెడలో ఈల, చేతిలో బెత్తం. బెత్తం వాడకూడదని పైనుంచి కాగితం వచ్చాక బెత్తం మానేసి చెయ్యి వాడాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేత దెబ్బలు తిన్న కుర్రాళ్లు కొందరు ఇప్పుడు మిలటరీలో ఉన్నారు. సెలవులకు వచ్చినప్పుడు పలాసలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, కాళ్లకు దండం పెట్టి, "ఆయేల మీరు కొట్టబట్టే మాట్టారూ, ఈయేల ఇలగున్నాం" అంటారు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం రెండు ముద్దలు ఎక్కువ దిగేది. కొడితే మనుషులు దారికొస్తారని నాకు ఎవరూ పుస్తకాలు చూపించి చెప్పక్కర్లేదు, సాక్ష్యాలు గుమ్మంలోకే వచ్చి నిలబడేవి.

ఫాల్గుణంలో ఒక ఆదివారం తోట భోజనానికి ఉద్దానం వెళ్లడం మాకు ఏటేటా అలవాటు. అక్కడ మా అమ్మ, మా అక్కా బావల దగ్గర ఉంటుంది. ఊరికీ సముద్రానికీ మధ్య ఇసక నేలలో కొంచెం జీడితోట, కొన్ని కొబ్బరిచెట్లు, ఒకే ఒక్క మామిడిచెట్టు. జీడిపూత కంటికి ఏమంత ఆనదు. వేలి గోరంత పువ్వు, తెల్లటి రేకుల మీద గులాబీ చారలు. వాసన మాత్రం తోటంతా పరుచుకుని ఉంటుంది, సముద్రపు గాలి ఎటు తిరిగితే అటు వస్తుంది. అమ్మ పెరట్లో నూరువరహాలు, నందివర్ధనం, కనకాంబరం చోటు చాలక ఒకదాని మీద ఒకటి పడి పూస్తాయి. నేను ఎంత మొరటువాణ్నయినా నాకు పూలంటే ఇష్టం. ఈ మాటకి మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.

ఆ మామిడి సువర్ణరేఖ. అమ్మ మందసలో అంటుమొక్క కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి నాటింది. పెద్ద తుఫాను వచ్చినప్పుడు కొబ్బరిచెట్లు వరసగా పడుకున్నాయి, జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి, అది మాత్రం నిలబడింది. నిలబడింది కానీ ఆ తర్వాత ఒక్క కాయ కాయలేదు. పూత మాత్రం ఆకు కనపడనంత వచ్చేది. పిందె కట్టే వేళకి అంతా రాలి ఇసక మీద గోధుమరంగు పొట్టులా పడి ఉండేది. అమ్మకి అదే బెంగ. మా అమ్మాయికి అదే ముద్దు.

మా అమ్మాయికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. "ఊల్లో అన్ని సెట్లూ కాత్తన్నాయి కదా మామ్మా, పువ్వుల కోసం ఒక్క సెట్టు ఉండకూడదేటి?" అని అమ్మతో దెబ్బలాడేది. భోజనాల చాప ఆ చెట్టు కిందే పరవాలి, లేకపోతే అలక. పూత అన్నంలో రాలితే తీసి పారేయనిచ్చేది కాదు.

ఆ ఏడు మోదుగపూలు కూడా చూద్దామని మందస మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాం. బండి మీద ముగ్గురం. కొండల కింద ఎర్రగా కనపడగానే పిల్ల "ఆపు నానా, ఆపు నానా" అని నా వీపు మీద గుద్దింది. ఆపాను. నా ఫోను తీసుకుని కల్వర్టు గట్టెక్కి ఫొటోలు తీస్తోంది. నేనూ సంతోషంగానే ఉన్నాను, మా ఆవిడకి ఒక కొమ్మ విరిచి ఇచ్చాను కూడా. ఇంతలో ఫోను జారి కింద రాళ్ల మీద పడింది. అద్దం మొత్తం పగిలింది.

కొట్టాను. చెంప, చెవి కలిపి తగిలింది. పిల్ల మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని, "మల్లీ ముట్టను నానా, ఒగ్గీ నానా, ఈ ఒక్కసారికీ ఒగ్గీ" అంది. మళ్లీ కొట్టాను. వదిలెయ్యమని బతిమాలడం వింటే నాకు కోపం ఇంకా పెరుగుతుంది, ఎందుకో నాకు తెలీదు. మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగి మరీ కొట్టాను. సైకిలు మీద వెళ్తున్న ముసలాయన ఒకడు కాలు కింద పెట్టి చూశాడు. నేను అతని వైపు చూసేసరికి వెళ్లిపోయాడు. మా ఆవిడ పువ్వుల కొమ్మ పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత దాన్ని గట్టు మీద పెట్టేసి బండెక్కింది.

ఊళ్లోకి వెళ్లేసరికి పిల్ల చెంప మీద వేళ్లు తేలి ఉన్నాయి. అమ్మ గుమ్మంలోనే చూసింది.

"సరదాగా వచ్చినోల్లు గుంటని కొట్టి తెచ్చినావేట్రా?"

"ఫోను పగలగొట్టిందే."

"పోనైతే మల్లీ కొంతావు. గుంటకి సెవుడొత్తే ఏటి సేత్తావు?"

తోట భోజనంపూట మొదలెట్టకు అన్నాను. అమ్మ పిల్లని లోపలికి తీసుకెళ్లి మొహం కడిగి, రెండు జడల్లోనూ కనకాంబరాలు పెట్టి తెచ్చింది. పిల్ల ఏడవలేదు, మాట్లాడలేదు. నేను దాన్ని మర్యాద అనుకున్నాను.

కాయని చెట్టును బెదిరించడం మా వైపు ఉంది. పూత మీద ఉన్నప్పుడు ఒకరు గొడ్డలి పట్టుకుని వెళ్లి, కాయని చెట్టెందుకు, నరికేస్తానని కేకలేస్తూ మొదలు మీద ఒక చిన్న గాటు పెట్టాలి. రెండోవాళ్లు అడ్డం పడి బతిమాలాలి, వచ్చే ఏటికి కాస్తుందని పూచీ పడాలి. గొడ్డలివాడు గొణుక్కుంటూ గడువిచ్చి వెళ్లిపోవాలి. నాటకమని అందరికీ తెలుసు. చెట్టుకి తెలియకూడదు, అంతే.

అంతకుముందు రెండేళ్లు బావ బెదిరించాడు, ఫలితం లేకపోయింది. ఈసారి గొడ్డలి తెచ్చి నా చేతికిచ్చాడు.

"నాను నటించినాను బావా, సెట్టు నమ్మలేదు. నువ్వైతే నటించక్కర్లేదు."

అందరూ నవ్వారు. మా అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. బావ మాట నాకు మెప్పులాగే వినిపించింది.

బతిమాలేది ఎవరని బావ అడిగితే, అమ్మ పిల్లని ముందుకు తోసింది. "దీనికి ఆ సెట్టంటే పేనం. ఇది అడిగితే సెట్టు ఇంటాది" అంది. అనాల్సిన మాటలు కూడా అక్కడే నేర్పింది. "ఒగ్గీ నానా, ఈ ఒక్కసారికీ ఒగ్గీ, వచ్చే యేడు కాత్తాది, నాది పూచీ." పిల్ల తలూపింది.

చెట్టు నిండా పూత. తేనెటీగల రొద కింద నిలబడితే మనిషి మాట మనిషికి సరిగా వినపడదు. నేను పంచె ఎగ్గట్టి గొడ్డలి ఎత్తాను. "ఏటేటా పూత్తావు, ఒక్క కాయ కాయవు! నీళ్లు పోసింది నీ సోకు సూడ్డానికా? నరికి పొయిలో పెట్టేత్తాను!" స్కూలు మైదానం అవతలికి వినపడే గొంతు నాది. కొబ్బరిచెట్ల మీద కాకులు లేచిపోయాయి. మొదలు మీద ఒక గాటు పెట్టి ఆగాను.

పిల్ల మాట్లాడలేదు.

సిగ్గుపడుతోందేమోనని మళ్లీ ఎత్తి, మళ్లీ అరిచి, ఇంకో గాటు పెట్టాను. బెరడు లేచి లోపలి పసుపు కనపడింది.

"సెప్పే, ఒగ్గీ అని సెప్పు" అని అమ్మ పిల్ల భుజం తట్టింది.

"నాను సెప్పను."

"అదేటే? నీ సెట్టు కాదేటే?"

పిల్ల నా వైపు చూసింది. గట్టిగా అనలేదు, తరగతిలో జవాబు చెప్పినట్టు చెప్పింది.

"ఒగ్గీ అంటే నువ్వెప్పుడు ఒగ్గినావు నానా? పొద్దున్న ఎన్నిసార్లన్నాను?"

ఎవరూ నవ్వలేదు. బావ నేల చూశాడు. మా ఆవిడ నేరుగా నా కళ్లలోకి చూసింది, పెళ్లయ్యాక అలా చూడ్డం అదే మొదలు. అందరికీ తెలిసిన సంగతే పిల్ల చెప్పింది. చెప్పాక అది తెలియనట్టు ఉండటం ఇంకెవరి వల్లా కాలేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. నాకు సిగ్గు వస్తే అది లోపల రెండు నిమిషాలు కూడా ఉండదు, చేతుల్లోకి దిగిపోతుంది. గొడ్డలి వేశాను. ఈసారి గాటు కోసం కాదు, నరకడానికే వేశాను. చెక్క పేడు లేచి నా కనుబొమ్మకి తగిలింది. మళ్లీ వేశాను. దెబ్బ దెబ్బకీ పూత జల్లుగా రాలి నా తల మీద, చెమట మీద, నోట్లో పడింది. తేనెటీగలు లేచాయి. ఒకటి మెడ మీద కుట్టింది, ఆ మంటకి ఇంకో దెబ్బ వేశాను. ఏమని తిట్టానో నాకు గుర్తులేదు. తర్వాత మా అక్క చెప్పింది, చెట్టును తిట్టలేదట, పిల్లని పేరు పెట్టి తిట్టానట.

బావ వెనకనుంచి నా చెయ్యి పట్టుకున్నాడు. మోచేత్తో పొడిచాను, నోటి మీద తగిలింది. పెదవి చిట్లి అతని బనీను మీద నెత్తురు కారింది. ఈలోగా అమ్మ వచ్చి చెట్టుకి వీపు ఆనించి నిలబడింది. డెబ్బై దాటిన మనిషి, నా భుజం ఎత్తు కూడా ఉండదు. "కొట్టు. సెట్టునీ నన్నూ కలిపి కొట్టు" అంది. గొడ్డలి నా తల మీదికి లేచి ఉంది. అప్పుడు ఆగాను అని ఇక్కడ రాసుకోవచ్చు, కాదనేవాళ్లు లేరు. నేను ఆగలేదు. బావ నడుం పట్టుకుని నన్ను వెనక్కి ఇసకలో పడేశాడు, మా ఆవిడ నా మణికట్టు మీద కాలేసి తొక్కి గొడ్డలి లాక్కుంది.

ఆ పూట ఎవరం తినలేదు. నాటుకోడి కూరలో పచ్చి జీడిపప్పు వేసి అక్క పొద్దున్నే వండి పెట్టింది, అది గిన్నెలోనే ఉండిపోయింది. నేను కొబ్బరిచెట్టుకి ఆనుకుని కూర్చున్నాను. అమ్మా, పిల్లా పేడలో బంకమట్టి కలిపి చెట్టు గాయాలకి మెత్తారు. మొదలు చుట్టూ సగానికి పైగా బెరడు లేదు. పిల్ల మట్టిని వేళ్లతో లోపలికంటా నెమ్మదిగా దూర్చి, పైన పాత చీర చుట్టింది. అది అంత జాగ్రత్తగా పని చెయ్యడం ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. చూసే తీరిక నాకెప్పుడుందని.

తిరుగుదారిలో మందస వెళ్లలేదు, తిన్నగా పలాస వచ్చేశాం.

ఆ తర్వాత నేను పిల్ల మీద చెయ్యెత్తలేదు. స్కూల్లో కూడా మానేశాను. ఇది పెద్ద విషయమే అనుకున్నాను. ఇంట్లో ఎవరైనా ఒక మంచి మాట అంటారేమోనని కొన్నాళ్లు ఎదురు చూశాను కూడా. కొట్టకపోవడం కూడా ఒక ఘనకార్యమా అని ఒకరోజు మా ఆవిడ కూర తరుగుతూ, నా వైపు చూడకుండానే అంది.

వైశాఖంలో అమ్మ ఫోను చేసింది. ఆయాసపడుతూ నవ్వుతోంది. "కాసిందిరా! కొమ్మలు వొంగిపోతన్నాయి!" వెనక నుంచి బావ అరుస్తున్నాడు, "దెబ్బకి దారికొచ్చింది బావా! నీ సెయ్యి మంచిది!" అతని ముందు పన్ను ఆ రోజునుంచి కదులుతూనే ఉంది, అయినా అన్నాడు. ఊళ్లో వాళ్లు కాయని చెట్లకి నన్ను పిలవమంటున్నారట. నాకు గర్వం కలిగింది. దాచను, ఆ ఒక్క నిమిషం గర్వమే కలిగింది. కాళ్లకు దండం పెట్టే కుర్రాళ్ల సరసన ఇప్పుడు చెట్టు కూడా వచ్చి నిలబడింది.

బస్సులో సంచీడు కాయలు పంపారు. గడ్డిలో మగ్గబెడితే నాలుగు రోజులకి ముచ్చిక దగ్గర ఎర్రబడ్డాయి. ఇల్లంతా వాసన. నేనే కూర్చుని చెక్కు తీసి, ముక్కలు కోసి, పిల్ల ముందు ప్లేటు పెట్టాను. ఫోన్లో అమ్మ లైన్లోనే ఉంది, మనవరాలు తిని ఎలా ఉందో చెప్పాలని. ఎలా కాసింది మామ్మా అని పిల్ల అడిగింది.

"సచ్చిపోతానేటో అనుకుంతే సెట్టు గబగబా కాసేత్తాదే అమ్మా. బయం" అంది అమ్మ.

పిల్ల ముక్క చేతిలోకి తీసుకుంది. కాసేపు పట్టుకుని మళ్లీ ప్లేట్లో పెట్టేసింది.

"బయపడి కాసినవి కదా. నాకొద్దు నానా."

కోపం రాలేదు. నిజంగా రాలేదు. సరేలే అమ్మా అని, ప్లేటు పక్కకి తీసేద్దామని చెయ్యి చాపాను.

పిల్ల మోచెయ్యి మొహానికి అడ్డంగా లేచింది.

నా చెయ్యి బల్ల మీద అలాగే ఉండిపోయింది, మామిడిరసం మణికట్టు దాకా కారుతోంది. "ప్లేటేనే, ప్లేటు తీస్తున్నాను" అన్నాను. ఫోన్లో అమ్మ, "ఏటైంది, తీపిగున్నాయా?" అని అడుగుతోంది. పిల్ల మోచెయ్యి దించుతుందని చూస్తూ కూర్చున్నాను.