దాహం లేదన్న మాట

వీధిలో అందరికీ ఆయన టైలర్ బాబాయి. సగం మాట నోటితో చెప్పి మిగతా సగం కత్తెరకు వదిలేసే మనిషి. కొలతలకొచ్చిన వాళ్లతో పొట్ట పెరిగిందని అనేవాడు కాదు. చొక్కా కాస్త వదులుగా కుట్టి ఊరుకునేవాడు.

కిడ్నీలు పాడైనా ఆ అలవాటు పోలేదు. డయాలసిస్ మొదలుపెట్టిన రోజు నర్సు పక్కన కూర్చుని ఉప్పు, నీళ్లు, పండ్ల సంగతి విడమర్చి చెప్పింది. ఇంటికొచ్చి భార్యతో, "ఉప్పు తగ్గించాలట. నీళ్లు కొలుచుకుని తాగాలట" అన్నాడు. మన ఇంట్లో పండ్లు కొనేదెవరులే అనుకుని ఆ మాట మింగేశాడు.

వారానికి మూడుసార్లు అదే గది, అదే కుర్చీ. చేతికి రెండు సూదులు. గొట్టంలో తిరిగే రక్తాన్ని ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చునేవాడు. పక్క కుర్చీ రిటైరైన బస్సు డ్రైవరుది.

"ఏమోయ్ టైలరూ! జన్మంతా గుడ్డకి సూదులు గుచ్చావు. ఇప్పుడు కక్ష తీర్చుకుంటున్నాయా?"

నవ్వు రాలేదు. రానందుకు బాధా కలగలేదు.

ఒకరోజు భార్య వెంట వచ్చింది. "ఈయన ఇలా వాడిపోతున్నారేంటి డాక్టరు గారూ?"

"రక్తం యంత్రంలో తిరిగిన ప్రతిసారీ ఒంట్లో కణాలు దెబ్బతింటాయమ్మా, ఇనుముకి తుప్పు పట్టినట్టు. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం. దాన్ని తట్టుకునే శక్తి వీళ్లకి తక్కువ."

ఆమె తుప్పు మాట పట్టుకుంది. పక్కింటావిడ నారింజ రసం మంచిదంది. మర్నాటి నుంచి పొద్దున్నే గ్లాసెడు రసం. "దీన్ని మీ నీళ్ల లెక్కలో తగ్గించుకోండి" అనేది. పండ్లు పిండుతూ ఏదో కూనిరాగం తీసేది. ఆ రాగం ఇంట్లో వినిపించి చాలా కాలమైంది. ఆయన తాగేసేవాడు. రుచి తెలిసేది కాదు.

ఓ మధ్యాహ్నం గుండీ కుడుతుంటే సూది వేలిలో దిగింది. నెత్తురు చూశాకే తెలిసింది. కాళ్లు కూడా తనవి కానట్టున్నాయి. మర్నాడు ఆసుపత్రిలో రక్తం పరీక్ష చూసి నర్సు పరుగెత్తుకొచ్చింది.

"బాబాయిగారూ, పొటాషియం ఇంత పెరిగిందేంటి? ఏం తిన్నారు? ఇంకోసారి ఇలాగైతే గుండె ఆగిపోతుంది!"

"బజార్లో పండ్లరసం తాగాను."

"బజార్లోనా? టీ కూడా కొనుక్కోని పిసినారివి, నువ్వా!" అన్నాడు డ్రైవరు. ఆయన కళ్లు మూసుకున్నాడు.

మరుసటి పొద్దున రసం గ్లాసు కుట్టు మిషను పక్కకొచ్చింది.

"వద్దులే. దాహం లేదు."

ఆమె అక్కడే నిలబడిపోయింది. నాలుక తడుపుకోవడానికి తడిగుడ్డ చప్పరించే మనిషాయన.

"మీకు దాహం లేకపోవడమేంటి?"

"పండ్లు పడవట."

"నిన్న చెప్పారా?"

కత్తెర తీసి మళ్లీ పెట్టాడు. "మొదటి రోజే."

"తెలిసే తాగారా? ఎందుకండీ?"

"నువ్విచ్చావు కదా."

ఆమె రసం సింకులో పారబోసి గ్లాసు చాలాసేపు తోమింది. తర్వాత స్టూలు లాక్కొచ్చి ఎదురుగా కూర్చుంది.

"నర్సు చెప్పిందంతా చెప్పండి. సగం కాదు."

"అరటిపండు కూడదు" అన్నాడు ఆయన. "టమాటా కూడదు. బంగాళాదుంప..."

"ఊఁ. తర్వాత?"