పడవ బోర్లించిన ఎండాకాలం

నేను కోవూరు పిల్లను. మా వాకిట్లో నిలబడి చెయ్యెత్తితే నెల్లూరు బస్సు ఆగేది. అటువంటిదాన్ని యాభైల చివర్లో పెళ్లయి, బోగోలుకు తూర్పున ఒక సరుగుడు తోటలోకి కాపురానికి వచ్చాను. ఒకవైపు సముద్రం, ఇంకొకవైపు ఉప్పునీటి కాలవ, మధ్యలో ఇసుక. ఆ ఇసుకలో మా అత్తగారిల్లు. ఊళ్లోకి పోవాలంటే కాలవ దాటాలి. కాలవ దాటాలంటే మా మామ పడవ ఉండాలి.

అది చిన్న చెక్కపడవ. మామ దాన్ని ఇంట్లో మనిషిని చూసుకున్నట్టు చూసుకునేవాడు. కాలవలో మద్రాసుకు కట్టెలు తీసుకుపోయే పెద్ద పడవలు తిరుగుతుండేవి. పిలిస్తే ఆగి అవతలి గట్టున దించేవాళ్లే. కానీ మా ఇంటి ఆడవాళ్లు పరాయి పడవ ఎక్కకూడదు. కొత్తలో ఒకసారి ఎందుకని అడిగాను. "మనకు పడవ లేదా ఏంది?" అన్నాడు మామ. మళ్లీ అడగలేదు.

ఏటా ఎండలు ముదిరాక పడవను గట్టుకు లాగి బోర్లించేవాళ్లు. అడుగున పట్టిన గుల్లలు గీకి, చెక్కల సందుల్లో నార కూరి, చేపనూనెలో గుగ్గిలం వేసి కాచి పూసేవాళ్లు. ఒక పూత ఆరితేనే ఇంకొక పూత. ఆ నూనె ఒక పట్టాన ఆరేది కాదు. మగవాళ్లు బట్టలు నెత్తిన పెట్టుకుని మెడలోతు నీళ్లలో దాటి పోయి వచ్చేవాళ్లు. నేనూ అత్తా ఇవతలే ఉండిపోయేవాళ్లం. ఇల్లంతా నూనె కంపు, అన్నం ముద్దలో కూడా. కాసేపు తోటలోకి పోదామంటే ఎటు చూసినా వరసలు వరసలుగా ఒకే తీరు చెట్లు. ఎంత నడిచినా ఉన్నచోటే ఉన్నట్టు అనిపించేది.

అరవైల మొదట్లో ఒక ఏడు, పడవను బోర్లించిన మర్నాడే మా తమ్ముడు అవతలి గట్టు మీదికి వచ్చి కేకేశాడు. నేను ఇవతల నిలబడ్డాను. గాలికి సగం మాటలు పోతున్నాయి.

"అక్కకు నొప్పులు వచ్చేటట్టుండాయి. నిన్ను రమ్మంటా ఉండాది."

మా అక్కకు అంతకు ముందు రెండు కాన్పుల్లోనూ బిడ్డ దక్కలేదు. ఈసారి పక్కన నేనుంటానని మాటిచ్చి ఉన్నాను.

"పడవ ఆరినాక వస్తానని చెప్పు," అని అరిచాను. అరిచాక ఆ మాట నాకే వినబుద్ధి కాలేదు. తమ్ముడు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మా ఆయన కావలి నుంచి ఎర్ర రంగు డబ్బా తెచ్చాడు. రంగుల అంగడి సాయిబు చెప్పాడట, ఇది పూస్తే చెక్కను తొలిచే పురుగు చేరదని, తొందరగా ఆరుతుందని. మామ డబ్బా మూత తీసి వాసన చూసి పక్కన పెట్టాడు. పెరట్లో మిగిలిపోయిన తారు కూడా ఉంది. అన్నం తింటూ మా ఆయన నావైపు తిరిగి, "నువ్వు చెప్పు, ఏది పూద్దాం?" అన్నాడు. ఆ ఇంట్లో ఏ కూర వండాలో కూడా నన్ను అడిగినవాళ్లు లేరు.

"ఏది బిరీన ఆరితే అది," అన్నాను.

"ఆరేది చూసుకుంటే పడవ నిలవదమ్మాయ్," అన్నాడు మామ, కోపంగా కాదు. "తారు ఎండకు పెచ్చులు లేస్తాది. ఆ సందున పురుగు దూరతాది. ఈ ఎర్రది ఎట్టాంటిదో మనకు తెలీదు." తర్వాత కొడుకుతో అన్నాడు, "సరే, ఒక పక్క నీ రంగు పూసుకో. ఒక పక్క నేను నూనె పూస్తా. ఏది నిలబడతాదో చూద్దాం."

మా ఆయన సంతోషపడ్డాడు. ఎర్ర పక్క తొందరగానే ఆరింది. నూనె పక్క ఆరలేదు. సగం పడవ నీళ్లలోకి దిగదు గదా. దానికి తోడు ఒక మధ్యాహ్నం కాలంగాని వాన పడి, నూనె పూత తెల్లగా పాలిపోయింది. మామ ఓపిగ్గా దాన్ని తుడిచి మళ్లీ మొదటి నుంచి పూశాడు. నేను పోయి వేలు పెట్టి చూసేదాన్ని, అంటుకునేది. చెయ్యి చీరకు తుడుచుకుని వచ్చి, కాసేపటికి మళ్లీ పోయేదాన్ని.

అత్త అది చూస్తూ ఉందని నాకు తెలీదు. మగవాళ్లు కట్టె కొట్టించడానికి తోటలోకి పోయిన పూట, తారు వెచ్చబెట్టిన కుండ పట్టుకుని గట్టుకు వచ్చింది.

"ఆ పీచు ఇట్టా తే," అంది.

"మామ ఏమంటాడో అత్తా."

ఆమె కుండ దింపి, నా వైపు చూడకుండా చెప్పింది. "మా అమ్మ పోయినప్పుడు కూడా పడవ బోర్లించే ఉండింది. ఆరినాక పొయ్యేసరికి అంతా అయిపోయింది."

అన్నాళ్లు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నాం, ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఇద్దరం కొబ్బరిపీచుతో నూనె పక్కంతా తారు పూశాం. అది పట్టలేదు. తడి నూనె మీద జారి, ముద్దలు ముద్దలుగా ఇసుకలోకి కారింది. మోచేతుల దాకా మాకే అంటుకుంది. అత్త ఇసుకలో కూలబడింది.

"ఆరదు, గదా?"

"ఆరేటట్టు లేదత్తా."

మామ వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం. ఆయన పడవను చూశాడు, మా చేతులు చూశాడు.

"ఎందుకు చేసినావు?" అని అత్తను అడిగాడు.

"పిల్లను పంపిద్దామని."

"నాతో చెప్తే పోయేది గదా."

"చెప్తే పంపించినావా, అప్పుడు?"

 మామ ఆ పూట అన్నం తినలేదు. తెల్లవారి గట్టు మీద నిలబడి, మద్రాసు వైపు పోయే కట్టెల పడవను తనే ఆపాడు. "ఇద్దరూ పొండి," అన్నాడు నీళ్లకేసి చూస్తూ.

మేము కోవూరు చేరేసరికి అక్క ప్రసవించి ఉంది. ఆడపిల్ల, బతికి ఉంది. "వచ్చినావా," అని నా చెయ్యి పట్టుకుని, అలాగే నిద్రపోయింది. నేను రావాల్సిన వేళకు రాలేదని ఆమె అనలేదు. అననందుకు ఇంకా కష్టంగా అనిపించింది. అత్త పిల్లను ఎత్తుకోకుండా పెరట్లోకి పోయి, చేతులకు కిరసనాయిలు పూసుకుని, తారు పోయేటట్టు చాలాసేపు రుద్దుకుంది.

మేము తిరిగి వచ్చేటప్పటికి పడవ మొత్తం గీకి ఎర్ర రంగే పూసి ఉంచారు. మామ గడ వేశాడు, మేము కూర్చున్నాం. 

మరుసటి ఏడు రంగు లేచిపోయిందని మామ మళ్లీ నూనెకే వచ్చాడు. అప్పటికి నాకు నెలలు నిండుతున్నాయి, ఎక్కడికీ కదలనివ్వలేదు. పడవ ఇంకా గట్టు మీద ఉండగానే అత్త ఒక పొద్దున ఎవరినీ అడగకుండా కట్టెల పడవను చేయెత్తి ఆపింది. వాళ్ల అన్న ఇంటికి పోయి వస్తానంది. కట్టెల మీద కొంగు కప్పుకుని కూర్చుంది. పడవ వంపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. నేను గట్టున నిలబడి చూసి, పొయ్యి మీద ఎసరు గుర్తొచ్చి ఇంట్లోకి పోయాను.