ఆకాశం నుంచి అక్షింతలు

2023 మే నెల రెండో శనివారం, కార్డిఫ్ వెళ్లే రైల్లో ముగ్గురు తెలుగు విద్యార్థులు నా ఎదుట కూర్చున్నారు. మర్నాడు మైదానంలో వాళ్ల స్నేహితుడి పెళ్లి. పైలట్‌తో సహా చిన్న విమానం అద్దెకు తీసుకుని, పైనుంచి వధూవరుల మీద అక్షింతలు చల్లాలని వాళ్ల పథకం. ఒకడు నడుముకు తాడు కట్టుకుని తలుపులోంచి బయటికి వంగుతాడట.

లెక్క తేలకపోతే నేను ఊరుకోలేను. "ఆ తాడు ఎవరు పట్టుకుంటారు?" అని అడిగాను.

"వీడు, ఆంటీ," అన్నాడొకడు.

"నేనా? నేను వీడియో తీస్తున్నా కదరా!" అన్నాడు రెండోవాడు.

వంగవలసిన కుర్రవాడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "విమానం వద్దురా. కిందే వేద్దాం."

"కింద అందరూ వేస్తారు. మన స్పెషల్ ఏముంది?"

"నేను బతికుండటం."

వాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా ఆయన పోయినప్పటి నుంచి నవ్వూ ఏడుపూ రెండూ రావడం లేదు.

ఆ కుర్రవాడు పొట్లం విప్పి, చిటికెడు అక్షింతలు నా చేతిలో పెట్టి తల వంచాడు. "ముందు మీరు నా మీద వెయ్యండి, ఆంటీ."

భర్త పోయినవాళ్ల చేత అక్షింతలు వేయించుకోరు. ఆ మాట అతనికి చెప్పాలనుకున్నాను. చెప్పకుండానే వేశాను.