అన్నీ ఒక్క గేటు మీదే

నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ప్యాకింగ్‌లో హెల్పర్‌గా చేరి, క్వాలిటీ విభాగంలో సూపర్‌వైజర్‌నయ్యాను. ఉప్పల్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. డబ్బు విషయంలో నేను జాగ్రత్తపరుడినని నాకు గట్టి నమ్మకం. మా నాన్న ఉన్న భూమంతా పత్తే వేసి, ఒక ఏడు పురుగు పడితే మొత్తం పోగొట్టుకున్నాడు. ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి ఏదీ ఒక్కచోట పెట్టకూడదని చిన్నప్పుడే అనుకున్నాను.

అందుకే నాలుగు రకాలుగా పెట్టాను. కంపెనీ ఉద్యోగులకు తక్కువ ధరకు షేర్లు ఇస్తే తీసుకున్నాను. మూడేళ్లదాకా అమ్మకూడదన్నది షరతు. నెలనెలా ఒక మ్యూచువల్ ఫండ్‌లో కట్టాను. నాకు తెలిసిన రంగమని మందుల కంపెనీల ఫండే ఎంచుకున్నాను. ఇంటిపైన మూడు గదులు వేసి అద్దెకిచ్చాను. మా ఆవిడ ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా చిన్న షటర్ తీసుకుని కర్రీ పాయింట్ పెట్టింది.

మా బామ్మర్ది పెట్టుబడుల ఆఫీసులో పనిచేస్తాడు. ఒక ఆదివారం భోజనానికి వచ్చి, నా లెక్కలన్నీ చూస్తానన్నాడు. గొప్పగానే చూపించాను. అతను లాప్‌టాప్‌లో ఏవో అంకెలు వేశాడు.

"బావా, రెండు పెట్టుబడులు కలిసి ఎట్ల నడుస్తయో జెప్పేటందుకు ఒక అంకె ఉంటది. కోరిలేషన్ అంటరు. గది ఒకటికి దగ్గరుంటే రెండు జోడెడ్ల లెక్క పోతయ్, పెరిగినా పడినా. సున్నకు దగ్గరుంటే దేని తోవ దానిదే. మైనస్‌ల ఉంటే ఒకటి పడ్డప్పుడు ఇంకోటి లేస్తది. మనకు కావాల్సింది సున్న దిక్కున్నయి, మైనస్ దిక్కున్నయి."

"మరి నాయి?"

తెర నావైపు తిప్పాడు. నా షేర్ల గీత, ఫండ్ గీత ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి.

"ఇవి రెండు ఒకటే అనుకో. గదులకు గ్రాఫ్ లేదు గని, పైన కిరాయికున్నది ఎవరు?"

"మా ప్యాకింగోళ్లే."

"అక్క దగ్గర తినేటోళ్లు?"

వంటింట్లోంచి మా ఆవిడే జవాబు చెప్పింది. "ఇంకెవరు తమ్మీ, షిఫ్టోళ్లే. మనింటికొచ్చే ప్రతి పైస గా గేటు దాటే వస్తున్నది."

నాకు కోపం వచ్చింది. ఇరవై రెండేళ్ల సంది అన్నం పెడుతున్న కంపెనీకి ఏమైతదని గట్టిగానే అన్నాను. కానీ ఆ వారమంతా నాకు అదే ఆలోచన. షేర్లు అమ్ముదామంటే గడువుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. గదులు ఇటుకలవి, ఎత్తి ఇంకోచోట పెట్టలేను. కొట్టు మార్చాలంటే మళ్లీ అడ్వాన్సు కట్టాలి. యాభైకి దగ్గరపడ్డ నాకు ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? నా చేతిలో ఉన్నది ఫండ్ ఒక్కటే. అదీ సగమే తీసి బంగారం ఫండ్‌లోకి మార్చాను. మిగతా సగం అప్పుడు పెరుగుతోందని ఉంచేశాను. ఆ తప్పు మాత్రం నాదే.

ఏడెనిమిది నెలలకు విదేశీ ఆర్డర్లు తగ్గాయి. ముందు ఓవర్‌టైమ్ ఆగింది, తర్వాత రెండో షిఫ్ట్ పోయింది. ఆపైన ఫ్యాక్టరీని ఇంకో రాష్ట్రానికి తరలిస్తున్నట్టు నోటీసు అంటించారు. ఆ రోజు క్యాంటీన్‌లో అందరం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. షేరు మా కళ్లముందే జారుతోంది. ముక్కూమొహం తెలియనివాళ్లు అమ్ముకుని బయటపడుతున్నారు. అందులో పనిచేసే మాకే అమ్మే వీలు లేదు. ఆర్డర్ల దెబ్బ మిగతా మందుల కంపెనీలకూ తగలడంతో ఫండూ పడింది.

మధ్యాహ్నం కర్రీ పాయింట్ దగ్గరికి వెళ్లాను. రెండు దాటింది. గిన్నెలు నిండుగానే ఉన్నాయి. మా ఆవిడ ఈగలు తోలుతూ, "సాంబారు ముట్టినోళ్లే లేరు" అంది. ఆ పూట మేమిద్దరం అక్కడే నిలబడి తిన్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

నెల తిరక్కముందే పైగదుల్లోవాళ్లు ఒక్కొక్కరే ఖాళీ చేశారు. చివరగా వెళ్లిన భార్యాభర్తలు తాళంచెవి ఇచ్చి గడపలో నిలబడ్డారు. అతను, "ఏమనుకోకన్నా, గీడ పనే లేకపాయె. ఘట్‌కేసర్ దిక్కు గోడౌన్ల దొరికింది" అన్నాడు. ఏమనుకుంటాను? వాళ్ల గ్యాస్ పొయ్యి ఆటోలోకి నేనే ఎక్కించాను.

బామ్మర్ది మళ్లీ వచ్చినప్పుడు లాప్‌టాప్ తేలేదు. "ఇంకా ముందుగల్ల జెప్పాల్సుండె బావా" అన్నాడు.

"నువ్వు జెప్పినవ్. నాకు సమజయ్యింది గూడ. ఏం జేద్దామన్నా నాతోని గాలె."

బంగారంలో పెట్టిన సగం మాత్రం పడలేదు, పైగా కొంత పెరిగింది. దానితోనే ఆ ఏడాది ఇల్లు నడిచింది. షేర్లు గడువు తీరాక వచ్చిన ధరకు అమ్మేశాను. మా ఆవిడ షటర్ వదిలేసి, రామంతాపూర్‌లో ఒక హాస్టల్లో వంటకు కుదిరింది. నేను చర్లపల్లిలో బిస్కెట్ల కంపెనీలో కాంట్రాక్టు మీద క్వాలిటీ చూస్తున్నాను. జీతం సగం.

పోయిన నెల ఒక జంట గది కోసం వచ్చింది. ఎక్కడ పనిచేస్తారని అడిగాను. చర్లపల్లిలో బిస్కెట్ల కంపెనీ అన్నారు, మాదే. మా ఆవిడ నావైపు చూసింది. గదులు ఖాళీగా పడి చాలా రోజులైంది, వేరేవాళ్లెవరూ అడగలేదు. లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చి ఇచ్చాను.