ఓనరు మామ

ఓనరు మామ పోయాడు. మాలూరులో మా ఫ్యాక్టరీ గేటు దగ్గర, తూకం కోసం బండిని వరుసలో పెట్టుకొని కూర్చుని ఉండగా నా భార్య ఫోను చేసి చెప్పింది. "పొద్దున ఆరింటికి పోయినాడంట. మధ్యాన్నమే ఎత్తేస్తారేమో. వస్తావా?" అంది. డ్యూటీ నాలుగున్నరకు ముగుస్తుందన్నాను. ఆమె ఫోను పెట్టేసింది. సూపర్‌వైజరు సెలవు ఇవ్వడని కాదు. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ పని మధ్యలో దిగిపోలేదు కాబట్టి ఆ రోజూ అడగలేదు. బండిని కాటా మీదికి ఎక్కించాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అందరినీ దేవుళ్లను చేసేస్తారు. మా మామను చేయడం కుదరదు. ఆయన నోరు మంచిది కాదు. ఆయన ఈసడించుకోని మనిషి కోలారు జిల్లాలో లేడు. నాకు గేర్లు మార్చడం నేర్పింది ఆయనే, మనుషుల్ని చులకనగా చూడడం నేర్పిందీ ఆయనే. రెండో విద్యే నాకు బాగా పట్టుబడింది.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. కేజీఎఫ్‌లో గని కార్మికుల ఇళ్ల లైన్లలో మా ఎదురిల్లు. రెండు కుటుంబాలూ చిత్తూరు వైపు నుంచి వచ్చినవే కాబట్టి మామా అని పిలిచేవాణ్ణి. గనిని గవర్నమెంటు తీసుకొని ఎన్నేళ్లయినా మా లైన్లలో దాన్ని కంపెనీ అనే అనేవాళ్లు. కంపెనీ ఆస్పత్రి, కంపెనీ సైరను, కంపెనీ ఉద్యోగం. మామ ఆ కంపెనీ లారీ మీద డ్రైవరు. గనిలోకి దిగే మా నాన్నలాంటివాళ్లు ఆ సీటు చూసి కుళ్లుకునేవాళ్లు. అలాంటి ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చి, పాత లారీ ఒకటి కొనుక్కున్నాడు. రాజీనామా అనే కాగితాన్ని అప్పటిదాకా మా లైనులో ఎవరూ చూసి ఎరగరు.

ఆ రోజు నుంచి ఆయన పేరు ఓనరు. అది గౌరవం అనుకునేరు, వట్టి వెక్కిరింపు. "ఓనరుగారు బిందె తీసుకొని వచ్చినారు, దారి ఇడవండమ్మా" అని కొళాయి దగ్గర ఆడవాళ్లు నవ్వేవాళ్లు. అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్న ఆయన కూతురు కూడా నాయినా అనడానికి ముందు ఓనరు అనడం నేర్చుకుంది. ఇంటి పట్టున ఉంటే కదా ఆ బిడ్డ ఇంకో పిలుపు నేర్చుకోవడానికి. మామ మాత్రం లైనంతటినీ ఒక్క చూపుతో తీసిపారేసేవాడు. "వీళ్లకి సైరను కూస్తేనే ఆకలైతాది" అనేవాడు.

ఆదివారం చర్చికి వచ్చేవాడు కానీ లోపల కూర్చునేవాడు కాదు. గుమ్మం బయట నిలబడి వాక్యం వినేవాడు. "పాస్టరయ్య కూడా కంపెనీ డ్రైవరేరా. బండి ఆయనది కాదు, లోడూ ఆయనది కాదు" అన్నాడొకసారి. పాస్టరయ్య విన్నాడు కూడా.

నాకు హెవీ లైసెన్సు చేతికొచ్చిన కొన్నాళ్లకే గని మూతపడింది. నాన్నకు వచ్చిన సొమ్ముతో పాత లారీ కొనాలా, మాలూరులో ఫ్యాక్టరీ బండికి డ్రైవరుగా చేరాలా అన్నది ఇంట్లో రోజూ తగువే. తప్పుటడుగు వేస్తే ఇంకో అడుగు వేయడానికి మాకేమీ మిగలదు. మా అక్క మొగుడు ఒక పనికిమాలినవాడు, "సొంతబండి ఉంటే మనమే రాజులప్పా" అని పొద్దస్తమానం ఊదేవాడు. తన బండి అద్దం మీద పిల్లల పేర్లు, దేవుళ్ల పేర్లు రాయించి రాయించి, రోడ్డు కనిపించడానికి జానెడు చోటు మిగుల్చుకున్నవాడు. నాన్న మాత్రం కంపెనీ అంటే కంపెనీయే అన్నాడు.

తేల్చుకోలేక మామను అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"మీ నాయినకి కంపెనీ అనే మాట ఇంటే చాలు, ఆస్పత్రి, క్వార్టర్సు కనబడతాయి. మాలూరులో ఉండేది కంపెనీ కాదురా, ఉట్టి బోర్డు. ఇంగ మీ బావ సంగతి నాకు చెప్పొద్దు. రేపు బండెక్కు" అన్నాడు.

మర్నాడు మాలూరులో ఇంటి కప్పు పెంకులు ఎత్తుకొని బయలుదేరాం. ఆంధ్రా సరిహద్దులో నంగలి చెక్‌పోస్టు దగ్గర లారీలు కదలకుండా నిలిచిపోయాయి. మిట్టమధ్యాహ్నం. మా ముందున్న బండి డ్రైవరు దిగి, చక్రాల నీడలో దుప్పటి పరుచుకొని, రెండు నిమిషాల్లో గురక పెట్టాడు. వాడు ఏదో ట్రాన్స్‌పోర్టు కంపెనీ డ్రైవరని మామ చెప్పాడు. మామ మాత్రం బండి చుట్టూ తిరుగుతున్నాడు. తాళ్లు లాగి చూస్తాడు, టైర్లు తడతాడు, మళ్లీ ముందుకు వెళ్లి వరుస ఎంతుందో చూసి వస్తాడు.

"నువ్వు కూడా కొంచేపు పడుకో మామా" అన్నాను.

"బండి వాడిది కాదు, లోడూ వాడిది కాదు. నిద్ర ఒకటే వాడిది" అన్నాడు, ఆ పడుకున్నవాడి వైపు గడ్డం చూపించి. అది తిట్టో, అసూయో నాకు తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో ముళబాగిలు దాటాక స్టీరింగు నాకిచ్చాడు. ఇల్లు చేరేలోగా మూడుసార్లు బండి ఆపాను. ఒకసారి ఏదో గీరుతున్న చప్పుడు, ఒకసారి కాలిన వాసన, ఒకసారి ఊరికే అనుమానం. మూడోసారి కిందికి దిగి వంగి చూస్తుంటే ఆయన సీట్లోంచి కదలకుండా అన్నాడు.

"నువ్వు బండి తోలడంలేదురా, నాడి చూస్తా ఉండావు. నీకి సొంతబండి ఉంటే పెండ్లాం బిడ్డల మొగం చూడవు. నేను చూసినానా? పో, పొయి ఆ బోర్డు కింద చేరుకో. నీ గుండెకాయకి అదే సరి."

పిరికివాడినని మొహం మీద చెప్పాడనుకొని చాలా ఏళ్లు రగిలిపోయాను. ఫ్యాక్టరీలో చేరాను. ఆ రగలడంలోనే ఓనర్లంటే నాకు అసహ్యం మొదలైంది. బంపరుకు నిమ్మకాయలు, నెత్తిన అప్పు, జేబులో పది నంబర్ల ఫోను పుస్తకం, ఏదో రాజ్యం ఏలుతున్నట్టు మాటలు. బావ బండిని అప్పిచ్చినవాళ్లు తోలుకుపోయిన రోజు నేను లోలోపల నవ్వుకున్నాను. నా బిడ్డలిద్దరూ నా చేతుల్లో పెరిగారు, నన్ను నాయినా అనే పిలిచారు. దానికి మామకు రుణపడి ఉన్నానని ఒక్కసారి కూడా ఆయనతో అనలేదు. ఎదురైతే "ఏమప్పా, ఫ్యాక్టరీలో గంట కొట్టినారా?" అని ఎగతాళి చేసేవాడు. అలాంటి మనిషికి కృతజ్ఞత చెప్పడం కూడా కష్టమే.

ఆ రోజు డ్యూటీ దిగి, రైల్లో బంగారుపేట వచ్చి, అక్కడ బస్సెక్కాను. అంతా అయిపోయి ఉంటుంది, సమాధి మీద ఇంత మట్టి వేసి వద్దామనుకున్నాను. లైను మొదట్లోనే బస్సు ఆగిపోయింది. రోడ్డు పక్క పొడుగునా లారీలు, అన్నీ లోడుతోనే ఉన్నాయి. దారికి అడ్డం పెట్టుకొని ఏం పెత్తనం వీళ్లదని తిట్టుకుంటూ నడిచాను.

శవపెట్టె ఇంకా మామ ఇంటి ముందే ఉంది. చుట్టూ ఆ లారీల ఓనర్లు. పొద్దుటి నుంచీ అక్కడే నిలబడి ఉన్నట్టు మొహాలు వాడిపోయి ఉన్నాయి. పాస్టరయ్య అరుగు మీద కూర్చున్నాడు. నన్ను చూసి మామ కూతురు లేచి వచ్చింది.

"ఇంతసేపు ఎందుకు పెట్టినారమ్మా?" అన్నాను.

"నీకోసమేన్నా. నాయిన మొన్ననే చెప్పి పెట్టినాడు. 'వాడు కంపెనీవాడు, గంట కొట్టకుండా కదలడు. వాడొచ్చేదాకా నన్ను ఎత్తొద్దండి. మిగిలినోళ్లు కాచుకొంటారు, వాళ్లు ఎవుర్నీ అడగాల్సిన పనిలేదు' అన్నాడు."

నాకు సిగ్గేసింది. ఏడుపు కన్నా ముందు సిగ్గే వచ్చింది. ఇంతమంది తమ సరుకు పాడవుతున్నా, ఒక్క పూట సెలవడగలేని నా కోసం ఎండలో నిలబడ్డారు. పెట్టె ఎత్తడానికి ముందు భాగం పట్టుకున్న ఒక పెద్దాయన పక్కకు జరిగి, "రాప్పా, నువ్వు పట్టుకో" అన్నాడు.

పెట్టెను భుజాలకెత్తుకొని లారీల పక్కగా నడిచాం. కొత్తిమీర లోడు మీద ఒకాయన బిందెతో నీళ్లు చల్లుతున్నాడు, మమ్మల్ని చూసి బిందె దించి నిలబడ్డాడు. వాళ్లు పొద్దుటి నుంచీ అలా చల్లుతూనే ఉన్నట్టున్నారు. సమాధుల తోట మలుపుదాకా రోడ్డంతా తడిగా ఉంది.