గడియారాలు తెరవని ఆదివారం

ఎడిత్ వనాకెర్‌కు పారిస్‌లో పెద్ద ఉద్యోగం ఎందుకు రాలేదని లిల్ విశ్వవిద్యాలయంలో అడిగి చూడండి, తలో మాట చెబుతారు. అల్జీరియా యుద్ధం వద్దంటూ సంతకం పెట్టింది కాబట్టి అని ఒకరు, ఆడది కాబట్టి అని ఒకరు, నోరు ఊరుకోదు కాబట్టి అని ఇంకొకరు. మూడూ నిజాలే. కానీ అసలు సంగతి జరిగింది నా కాఫీ కొట్టులో. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నేను చెప్పిందే నమ్మండి.

నా పేరు జెలీ. లిల్ పక్కనే ఉన్న రూబేలో ఫ్లోరిమోన్ బట్టల మిల్లు గేటుకు ఎదురుగా మా కొట్టు. పొద్దున చికోరీ కాఫీ, సాయంత్రం బీరు, వేసవి వస్తే పావురాల పందేలు. మా ఆయన పావురాల సంఘానికి కార్యదర్శిగా ఉండగానే చనిపోయాడు. ఆయన పోయాక పందెం గడియారాల తాళంచెవి నా నడుముకే ఉండిపోయింది. ఇంకెవరి చేతికిచ్చినా మిగతావాళ్ళు నమ్మరని వాళ్ళే అన్నారు.

మిల్లు పనివాళ్ళ గురించి తెలుసుకోవాలని ఎడిత్ మొదటిసారి వచ్చిన రోజు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. సరాసరి లోపలికొచ్చి, పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని కాఫీ అడిగింది. మా కొట్టు ముందు గదిలో ఆడవాళ్ళు కూర్చోరు. రాసి పెట్టిన నియమం కాదు, అయినా ఎవరూ కూర్చోరు. ఆడవాళ్ళు సందు తిరిగి వంటగది గుమ్మం దగ్గరికి వస్తారు, గోడకు ఆనుకుని నిలబడి తాగి పోతారు. ఆమె కూర్చోగానే, మిల్లులో బట్టలకు రంగులు వేసే రంగుల ఖానా మగవాళ్ళంతా నోళ్ళు కట్టేసుకున్నారు. మిల్లులో పని ఎలా ఉంటుందని అడిగితే, ఈ ఏడు వానలు ఎక్కువేనన్నారు. జీతాల సంగతి అడిగితే, అవును, వానలేనన్నారు.

వంటగది గుమ్మంలోంచి ఇర్మా కేకేసింది. ఇర్మా మగ్గాల షెడ్డులో నేతపనిది. దాని గొంతు మగ్గాల చప్పుడు మీద వినపడాలని పెంచుకున్న గొంతు.

“ఏమ్మా, ఆ మూగవాళ్ళతో నీకేం పని? మాట కావాలంటే ఇటు రా. కాకపోతే ఇక్కడ కుర్చీలుండవు, నిలబడాలి.”

ఎడిత్ కప్పు పట్టుకుని లేచి వచ్చి గోడకు ఆనుకుంది. ఆ తరవాత పదిహేనేళ్ళ పాటు, మా కొట్టుకి వచ్చినప్పుడల్లా అక్కడే నిలబడింది. ప్రొఫెసరైనా, టీవీలో కనపడినా అంతే.

ఆమె పుట్టింది ఇక్కడికి దగ్గరే, హాజ్‌బ్రూక్ దగ్గర. తల్లి రైలు గేటు వేసేది. “గేటు కాసేవాళ్ళకు పోయేవాళ్ళందరూ కనిపిస్తారు జెలీ, పోయేవాళ్ళకు మాత్రం గేటే కనిపిస్తుంది. నేను పారిస్ వెళ్ళి చదివిన సమాజశాస్త్రమంతా కలిపినా ఈ ముక్క కంటే ఎక్కువేం లేదు” అనేది. మా ముందు గది గురించీ వంటగది గుమ్మం గురించీ పుస్తకం రాసింది. ఒక ఊళ్ళో ఎవరు కూర్చుంటారో ఎవరు నిలబడతారో చూస్తే, అక్కడ ఎవరి మాట చెల్లుతుందో తెలుస్తుందని దాని సారాంశం. అచ్చుకి ఇచ్చే ముందు మొత్తం మాకు చదివి వినిపించింది. ఎవరి గురించి రాశామో వాళ్ళు వినకుండా ప్రపంచం వినకూడదని ఆమె పట్టుదల. ఇర్మా అడుగడుక్కీ అడ్డం తగిలింది. ఎడిత్ కొన్ని మార్చింది, కొన్ని మార్చనంది. ఆ మార్చననడమే నాకు నచ్చింది.

పారిస్ పెద్దలకు ఈ పద్ధతి గిట్టేది కాదు. శాస్త్రం చదివినవాళ్ళు ఎటూ మొగ్గకూడదట. ఎడిత్ నవ్వేది. “గోడ మీద పిల్లికి రెండు పెరళ్ళూ కనిపిస్తాయి. పాలు మాత్రం ఏ పెరట్లోనూ దొరకవు.” ఆమె ప్రతి సభలోనూ చెప్పే మాట ఒకటుండేది: గదిలో లేనివాళ్ళ గురించి గదిలో ఉన్నవాళ్ళు తీర్మానం చేస్తే అది తీర్మానం కాదు, దొంగతనం. మగ్గాల షెడ్డు ఆడవాళ్ళు ఆ మాటను జపంలా వల్లించేవారు. ఎందుకంటే యూనియన్ మామూలు సభలన్నీ నా కొట్టు ముందు గదిలోనే జరిగేవి, వీళ్ళు వంటగదిలో కప్పులు కడుగుతూ వినేవారు.

డెబ్భై నాలుగు వేసవిలో సమ్మె వచ్చింది. మిల్లు గేటుకు తాళం పడి వారాలు గడిచాయి. చివరికి యజమాని ఒక బేరం పంపాడు. మగవాళ్ళు పనిచేసే రంగుల ఖానా నడుస్తుంది, ఆడవాళ్ళు పనిచేసే మగ్గాల షెడ్డు మూతపడుతుంది. యూనియన్ నాయకుడు అషీల్ ఆ బేరానికి తల ఊపేలా ఉన్నాడు. ఈ అషీల్ ఇర్మాకు సొంత తమ్ముడు. అమ్మ పోయాక వాడిని ఎత్తుకుని పెంచింది ఇర్మానే.

“సగం మిల్లయినా మిగులుతుందక్కా” అన్నాడు.

“ఏ సగం రా?” అంది ఇర్మా. ఇక ఆ వారమంతా తమ్ముడితో మాట్లాడలేదు.

ఆదివారం పదకొండింటికి కార్మికుల హాల్లో ఓటు పెట్టాలన్నారు. సభ నడపడానికి ఎవరు? మా పేటలో ప్రతివాడూ ఎవడికో ఒకడికి బావో మామో అవుతాడు. ఎవరితోనూ చుట్టరికం లేనిది ఎడిత్ ఒక్కతే అని ఇరుపక్కలా ఆమె పేరే చెప్పారు. శనివారం పారిస్ నుంచి నా కొట్టుకు ఫోన్ వచ్చింది. ఎడిత్ కప్పు చేతిలో పట్టుకునే విన్నది. అవతలి గొంతు పెద్దది, పొయ్యి దగ్గరున్న నాకు కూడా వినపడింది. పారిస్ ఉద్యోగానికి వచ్చే నెలలోనే ఎంపిక, సమ్మె సభకు అధ్యక్షత వహిస్తే ఆ ఉద్యోగం మాట మరిచిపోవాలి.

“ఇక్కడ మాటిచ్చానండీ” అని ఫోన్ పెట్టేసి, “చల్లారిపోయింది జెలీ, ఇంకో కప్పు ఇవ్వు” అంది. అంతే. దాని గురించి మళ్ళీ నా దగ్గర ఎత్తలేదు.

ఇక పావురాల సంగతి. దూరాన దక్షిణంగా ఉన్న తూర్ ఊరి నుంచి పావురాల్ని వదిలే పందెం అసలు శనివారం. అక్కడ కుండపోత వాన పడి, ఆదివారం తెల్లవారుజామున వదులుతామని రేడియోలో చెప్పారు. అంటే పిట్టలు రూబే చేరేది సరిగ్గా సభ వేళకే, పదకొండు పన్నెండు మధ్య. తూర్ మీద వాన పడుతుందని, సభకు వేళ పెట్టిన అషీల్‌కు కల వస్తుందా? ఇంకే ఊళ్ళోనైనా మగవాళ్ళు తమ కూటి సంగతి ముందు చూసుకుని తరవాత పిట్టల మాట చూస్తారేమో. మా వాళ్ళు కాదు. చావు ఇంట్లో ఉన్నా గూటి దగ్గర నిలబడి ఆకాశం చూస్తారు.

పదకొండు కొట్టేసరికి హాలు నిండింది. అందరూ ఆడవాళ్ళే. పిట్టలు లేని ముసలివాళ్ళు నలుగురు మాత్రం గోడ వారన కూర్చున్నారు.

ఇర్మా లేచింది. ముఖం వెలిగిపోతోంది. “దేవుడే వాన కురిపించాడు! తల్లీ, ఓటు పెట్టు. బేరం వద్దన్నవాళ్ళు చేతులెత్తండి!”

చేతులు లేవబోతున్నాయి. ఎడిత్ బల్ల మీద అరచేత్తో కొట్టింది.

“దించండి. ఓటు ఇప్పుడు లేదు.”

చేతులు దిగాయి.

“ఎందుకు లేదు?” అంది ఇర్మా.

“వాళ్ళు లేరు కాబట్టి.”

“పిట్టల కోసం రాకపోతే అది వాళ్ళ ఖర్మ! వంటగదిలో కప్పులు కడుగుతున్నప్పుడు మేం లేమని ఎవడైనా సభ ఆపాడా?”

“ఆపలేదు. దాన్నే పదిహేనేళ్ళుగా దొంగతనమంటున్నాను. ఇవాళ మీరు చేస్తే దానికి ఇంకో పేరు పెట్టమంటావా?”

“మా పని పోతోందే! నీకేం, జీతం నెలనెలా వస్తుంది. ఇన్నేళ్ళు మా గుమ్మంలో నిలబడి మా కాఫీ తాగి, పీకల మీదికొచ్చినప్పుడు మగవాళ్ళ వైపు దూకుతావా? నిలబడి చూడ్డానికే వచ్చావు నువ్వు. అలాగే నిలబడి చూడు!”

ఆ మాట ఎడిత్‌కు తగిలింది. నేను చూశాను. పెదవులు తెల్లబడ్డాయి. కానీ వెనక్కి తగ్గలేదు.

“ఇర్మా, నేను మీ వైపే. అందుకే చెబుతున్నాను. ఇప్పుడు మీరు ఓటు వేస్తే రేపు పొద్దున యజమాని మగవాళ్ళను పిలిచి, మీరు లేని ఓటు మీకెందుకంటాడు. వాళ్ళు లోపలికి పోతారు. గేటు బయట మీరొక్కరే మిగులుతారు. వాళ్ళు మీ ముఖాలు చూస్తూ చెయ్యెత్తాలి. మిమ్మల్ని పంపెయ్యాలనుకుంటే, ఆ మాట కూడా మీ ముఖం మీదే చెప్పాలి. గోడ చాటున కాదు.”

“ఎలా రప్పిస్తావ్? గూళ్ళ మీంచి లాక్కొస్తావా?”

“తెలీదు” అంది ఎడిత్. “కానీ సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాను. వాళ్ళు ఎప్పటికైనా ఎక్కడికో ఒకచోటికి రావాలిగా.”

అప్పుడు ఇర్మా నెమ్మదిగా తల తిప్పి నా నడుము వంక చూసింది. నేనూ చూసుకున్నాను. తాళంచెవి.

పావురం గూటికి రాగానే దాని కాలికున్న రబ్బరు ఉంగరం తీసి గడియారంలో వేస్తారు, అది వచ్చిన వేళ అందులో అచ్చుపడుతుంది. ఆ గడియారానికి సీలు ఉంటుంది. దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టాలి, నేను అందరి ముందూ తెరవాలి. అప్పటిదాకా ఎవడి పిట్ట గెలిచిందో దేవుడికి కూడా తెలీదు.

మేమంతా హాల్లోంచి లేచి నా కొట్టుకు చేరాం. మధ్యాహ్నానికి మగవాళ్ళు గడియారాలు చంకన పెట్టుకుని ఒక్కొక్కరే వచ్చారు. తలుపు తీసిన ప్రతివాడూ గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. ముందు గదిలో ప్రతి కుర్చీలోనూ ఆడవాళ్ళు. పొయ్యి పక్కన కుర్చీలో ఇర్మా. కూర్చోడానికి చోటు లేక రంగుల ఖానా మొత్తం గోడకు ఆనుకుని నిలబడింది. నాకు కడుపు నిండిపోయింది.

“ఏం జరుగుతోంది జెలీ?” అన్నాడు అషీల్. “గడియారాలు తెరువు.”

“తెరుస్తాను. ముందు ఓటు.”

“పందేనికీ ఓటుకీ ఏంటి సంబంధం?”

“తాళంచెవి నా దగ్గరుంది. అదే సంబంధం.”

వెనకనుంచి ఎవరో ఇదన్యాయమని అరిచారు. “అన్యాయమా? అయితే సంఘానికి ఫిర్యాదు చెయ్యి. కార్యదర్శి సమాధిలో ఉన్నాడు, వెళ్ళి చెప్పుకో” అన్నాను.

ఎడిత్ వంటగది గుమ్మంలో నిలబడి ఒక్క షరతు చెప్పింది. “బేరం కావాలనేవాళ్ళు ఉత్తినే చెయ్యెత్తితే కుదరదు. ఎవరి పని పోతుందో ఆమె పేరు పిలిచి, ఆమె వైపు తిరిగి చెప్పండి. వద్దనేవాళ్ళు తమ పిల్లలకు ఈ నెల ఏం పెడతారో చెప్పి చెయ్యెత్తండి. నాకు ఓటు లేదు.” అలా అని లోపలికి వెళ్ళి, తొట్టిలో మోచేతుల దాకా చేతులు ముంచి కప్పులు కడగడం మొదలెట్టింది. తన ముఖం చూసి ఎవరూ మనసు మార్చుకోకూడదని.

మొదట ఇర్మానే నోరు తెరిచింది.

“చెప్పరా అషీల్. నీ పిట్ట తూర్ నుంచి ఎగిరి ఇంటికొస్తే ముద్దెట్టుకుంటావు. నేనెక్కడికీ ఎగిరిపోలేదు. ఆ షెడ్డులోనే నీకు అన్నం సంపాదించాను. ‘అక్కా, నువ్వింక వెళ్ళిపో’ అని చెప్పు. నేను వింటాను.”

అషీల్ నోరు తెరిచాడు. “అక్కా…” అన్నాడు. మిగతా మాట మింగేసి గడియారం వంక చూశాడు.

“బేరం వద్దు. పనుంటే అందరికీ ఉండాలి, లేకపోతే ఎవరూ గేటు దాటరు” అని మా ముసలి నేతగత్తె ఒకామె గట్టిగా అంది. “ఈ నెల నా మనవలకు బంగాళాదుంపలే. పోయిన నెలా అవే.” ఆడవాళ్ళ చేతులన్నీ లేచాయి. గోడ దగ్గర మగవాళ్ళవి అక్కడొకటి, ఇక్కడొకటి. అషీల్ రెండు చేతులా గడియారాన్ని వాటేసుకుని ఉన్నాడు. చెయ్యెత్తాలంటే దాన్ని వదలాలి. మా వాళ్ళు పెళ్ళాం చెయ్యయినా వదులుతారు గానీ తెరవని గడియారాన్ని వదలరు. వాడు రెండడుగులు వేసి, దాన్ని అక్క ముందు బల్ల మీద పెట్టి, చెయ్యెత్తాడు. ఆ తరవాత బల్ల మీద గడియారాలు పెడుతున్న చప్పుడు వరసగా వినపడింది. దించి ఉంచిన చేతులు లెక్కపెట్టడమే తేలికైంది.

ఆకులు రాలే కాలందాకా ఆ సమ్మె సాగింది. మగ్గాల షెడ్డు మూతపడకుండా నిలిచింది. గడియారాలు తెరిస్తే పందెం గెలిచింది మా చర్చి ఫాదర్ గారి పిట్ట. అందుకు మాత్రం ఆడా మగా తేడా లేకుండా అందరూ ఏడ్చారు.

కానీ నాకు గుర్తున్నది అది కాదు. ఓటు తేలాక ఎడిత్ చేతులు తుడుచుకుంటూ వంటగది గుమ్మంలోకి వచ్చి, ఎప్పటిలాగే గోడకు ఆనుకుంది. అప్పుడే తమ్ముడికి పక్క కుర్చీ ఇవ్వబోతున్న ఇర్మా ఆగింది. వాడిని ఒక్క తోపు తోసి, ఆ కుర్చీని కాలితో ఎడిత్ వైపు జరిపింది.

“కూర్చోవే” అంది. “నిలబడి చూసింది చాలు.”