లాండ్రీ అన్న ఎగరేసిన కవరు

నేను ఇంటిపని చేసే మేడమ్ బట్టలన్నీ ఒమన్‌లో అజైబా అనే పేటలోని ఒక లాండ్రీకి వెళ్లేవి. అక్కడ ఇస్త్రీ చేసే జగిత్యాల అన్న దేనికైనా అరచెయ్యి పైకెత్తి, "పోతది సూడు చెల్లె, పోతది" అనేవాడు. మొండి మరకకైనా, నా దిగులుకైనా అదే మాట.

నేను ఆ దేశం వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం నా ముఖం చూసి, అక్కడి ఆడవాళ్లు వేసుకునే పొడవాటి నల్ల అబాయాలకు తొడిగే పల్చటి ప్లాస్టిక్ కవరు తీశాడు. పైన హ్యాంగర్ కన్నానికి టేపు అంటించి, మరకలు ఆరబెట్టే హెయిర్ డ్రయ్యర్‌తో కింది నుంచి వేడిగాలి పట్టించాడు. కవరు ఉబ్బింది. వదలగానే నిటారుగా సీలింగు దాకా పోయింది! నేను గట్టిగా చప్పట్లు కొట్టేశాను.

అప్పుడే షాపు యజమాని అర్బాబ్ తలుపు తెరుచుకుని వచ్చాడు. కవరు మెల్లగా దిగి ఆయన తలమీద వాలింది. అన్న ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆయన కవరు తీసి, "ఫిర్ సే" అన్నాడు.

మళ్లీ నింపితే లేవలేదు. తెరిచిన తలుపులోంచి ఎండగాలి కొడుతోంది.

"అర్బాబ్, దర్వాజా బంద్ కరో!" అని అన్న యజమానినే గదిమాడు. నావైపు తిరిగి, "సుట్టు గాలి సల్లగుండాలె, లోపటి గాలి వేడిగుండాలె. గప్పుడే తేలికై లేస్తది" అన్నాడు.

అర్బాబ్ పరుగున వెళ్లి తలుపు మూశాడు. ఏసీకి గది చల్లబడ్డాక మళ్లీ వేడిగాలి పట్టిస్తే కవరు లేచింది. ముగ్గురం నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం.

ఇంతలో బయట నాకోసం కారులో కూర్చుని విసిగిపోయిన మా మేడమ్ తలుపు తోసుకొచ్చింది.

"తలుపు!" అని ముగ్గురం మూడు భాషల్లో అరిచాం.

ఆవిడ బిత్తరపోయి మూసేసింది. తర్వాత తనూ తలెత్తింది.